కయాక్‌లో కూర్చుని నీటి పక్షుల ఫొటోలు: ఫోన్ జూమ్ ఎక్కడ ఆగిపోయింది, నేను ఎక్కడ ఆగాల్సింది

నా ఇన్‌స్టాగ్రామ్‌లో ఇప్పటిదాకా ఎక్కువ లైక్‌లు వచ్చిన పక్షి ఫొటోని పోయినేడాది నేనే డిలీట్ చేశా. ఫొటోలో టెక్నికల్‌గా ఏ లోపమూ లేదు. ఫోకస్ సరిగ్గా కంటి మీద ఉంది, రెక్కలు పూర్తిగా విప్పి ఉన్నాయి, వెనక ఆకాశం శుభ్రంగా ఉంది. పైగా ఫోన్‌తో తీసింది. ఎందుకు తీసేశానో కింద చెప్తా. ముందు అసలు కయాక్ ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో చెప్పాలి.

గట్టు మీద నుంచి తీస్తే ఏమవుతుంది

చెరువు గట్టు మీద నిలబడి పక్షుల ఫొటోలు తీసిన వాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. బుడుబుంగ ఉంటుంది, చుట్టూ మట్టిరంగు నీళ్లుంటాయి, అంతే. వీపు, నెత్తి కనిపిస్తాయి గానీ ముఖం కనిపించదు. మనం కెమెరాని తిట్టుకుంటాం. నిజానికి సమస్య కెమెరాది కాదు, ఎత్తుది. గట్టు మీద మీ కళ్లు నీటికి నాలుగు మీటర్ల పైన ఉన్నాయనుకోండి. 30 మీటర్ల దూరంలో ఉన్న పక్షిని ఏడున్నర డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నట్టు లెక్క. ఆ కోణంలో పక్షి తల వెనక కనిపించేది ఒకటి రెండు మీటర్ల అవతలి నీళ్లే. అవి కూడా ఫోకస్‌లోనే ఉంటాయి కాబట్టి ప్రతి చిన్న అలా గీత గీసినట్టు కనిపిస్తుంది.

కయాక్‌లో కూర్చుంటే కెమెరా నీటికి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అదే 30 మీటర్లకి కోణం ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. పక్షి కంటికి ఎదురుగా మన కన్ను వచ్చినట్టే. వెనక నీళ్లు చాలా దూరం సాగి మెత్తగా కరిగిపోతాయి. నారాయణ పక్షి లాంటి పొడుగు పక్షి అయితే వెనక అవతలి ఒడ్డు ఆకుపచ్చగా వస్తుంది. ఏ పోర్ట్రెయిట్ మోడూ అక్కర్లేదు. లక్ష రూపాయల లెన్స్ కూడా గట్టు మీద నుంచి ఇవ్వలేని బ్యాక్‌గ్రౌండ్‌ని గంటకి అద్దెకి తీసుకున్న ప్లాస్టిక్ పడవ ఇచ్చేస్తుంది.

ఇది అర్థమైన రోజే కోట్‌పల్లి వెళ్దామని నిర్ణయించుకున్నా. హైదరాబాద్ వాళ్లకి కయాక్ అనగానే గుర్తొచ్చేవి దుర్గం చెరువు, కోట్‌పల్లి. వికారాబాద్ దాటాక అడవి మధ్యలో ఉండే ఈ రిజర్వాయర్ దగ్గర స్థానిక కుర్రాళ్లు కయాక్‌లు అద్దెకిస్తారు. వీకెండ్ మధ్యాహ్నాలు అక్కడ జాతరే. పక్షులు కావాలంటే వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లాలి. నేను ముందురోజే ఫోన్ చేసి మాట్లాడుకున్నా.

మొదటి ఉదయం: ఎగిరిపోయిన గుంపు

అది డిసెంబర్. నా చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే: 5ఎక్స్ పెరిస్కోప్ జూమ్, ఐపీ68 రేటింగ్, మెడలో వేలాడే ప్లాస్టిక్ వాటర్‌ప్రూఫ్ పౌచ్. ఫోన్ పేరు రాయట్లేదు. ఎందుకంటే కింద దాని మీద జరిగిన అఘాయిత్యంలో తప్పు ఎక్కువగా నాదే.

పొగమంచు విడుతుండగా అవతలి ఒడ్డున బార్ హెడెడ్ గూస్ గుంపు కనిపించింది. తెల్లటి తల, దాని మీద రెండు నల్ల చారలు. చలికాలంలో టిబెట్, మంగోలియా, మధ్య ఆసియా వైపు నుంచి హిమాలయాలు దాటి మన చెరువులకి వచ్చే పెద్ద బాతులివి. జీపీఎస్ ట్యాగ్‌లు కట్టి చేసిన పరిశోధనలో ఈ పక్షి 7 వేల మీటర్ల పైన ఎగిరినట్టు నమోదైంది. అలాంటి ప్రయాణం చేసొచ్చి ఒడ్డున ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాయి. వాటి వైపు నేను మోటార్ బోట్‌లా దూసుకెళ్లా.

దూరంగా ఉన్నప్పుడు 5ఎక్స్‌లో ఒక్కో బాతూ బియ్యపు గింజంత వస్తోంది. 10ఎక్స్ పెడితే పెయింటింగ్‌లా ఉంది. ఇంకొంచెం దగ్గరికెళ్దాం అనుకున్నా. వెళ్లా. ఇంకొంచెం. ముందు ఒక తల లేచింది. తర్వాత అన్నీ లేచాయి. నేను స్క్రీన్ చూస్తున్నా గానీ ఆ తలల్ని చూడట్లేదు. అంతే, గుంపు మొత్తం అరుస్తూ గాల్లోకి లేచింది. నాకు దొరికినవి తోకలు. గాల్లో ఒక చుట్టు చుట్టి రిజర్వాయర్ అవతలి కొసకి వెళ్లిపోయాయి.

తిరిగొస్తుంటే థర్మకోల్ తెప్ప మీద వల తీస్తున్న ఒక పెద్దాయన నవ్వాడు. ఆయన చుట్టూ నామాల కోళ్లు తాపీగా ఈదుతున్నాయి. పది అడుగుల దూరంలో మొద్దు మీద నీటికాకి రెక్కలు ఆరేసుకుంటోంది.

"సారూ, నేను దినాం వస్త. నన్ను జూసి ఒక్కటి గూడ లేవది. నువ్వు వాటినే జూసుకుంట సీదా పోతివి. లేవకుంటె ఏం జేస్తయి?" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. "తెడ్డు మస్తు లేపుతున్నవ్. అది తళతళ మెరుస్తది. దూరంకెల్లే కనవడ్తది వాటికి."

ఆ రోజు నా గ్యాలరీలో 340 ఫొటోలున్నాయి. వాడుకోదగ్గది ఒకటి: ఆ పెద్దాయన తెప్ప, పక్కన నీటికాకి, వెనక పొగమంచు. మెయిన్ కెమెరాతో తీసింది.

ఫోన్‌తో గడిపిన రెండు నెలలు

తర్వాతి రెండు నెలల్లో మరో నాలుగుసార్లు వెళ్లా. ఫోన్‌తో పక్షుల ఫొటోలు తీయాలనుకునే వాళ్లకి పనికొచ్చే సంగతులు కొన్ని తెలిశాయి.

పౌచ్ లోపల పెడితే టెలిఫొటో చచ్చిపోతుంది. మెయిన్ కెమెరా మీద ప్లాస్టిక్ పొర ప్రభావం పెద్దగా తెలియదు గానీ జూమ్ పెరిగేకొద్దీ మసక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చలికాలం పొద్దున పౌచ్ లోపల ఆవిరి కూడా పడుతుంది. పైగా తడి చేత్తో టచ్ పనిచేయదు. వాల్యూమ్ బటన్‌ని షట్టర్‌గా పెట్టుకోవడం ఒక్కటే దారి.

ఇంకోటి చాలామందికి తెలియదు. మీరు 5ఎక్స్ నొక్కినంత మాత్రాన ఫోన్ టెలిఫొటో లెన్స్‌నే వాడుతుందని గ్యారంటీ లేదు. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరున్నా చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మెయిన్ కెమెరాకి మారి, దాన్నే క్రాప్ చేసి చూపిస్తాయి. సూర్యోదయానికి ముందు పక్షుల దగ్గర జరిగేది ఇదే. అనుమానం వస్తే టెలిఫొటో లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. స్క్రీన్ నల్లబడకపోతే మీరు చూస్తున్నది క్రాప్.

తెల్ల కొంగల సంగతి మరీ ఘోరం. ముదురు నీళ్ల మధ్య తెల్లటి కొంగ ఉంటే ఫోన్ నీళ్లని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, కొంగ కాస్తా సున్నం ముద్ద అవుతుంది. కొంగ మీద నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసి స్లైడర్‌ని బాగా కిందికి లాగితే గానీ ఈకల గీతలు కనిపించవు.

ఇక నీళ్ల సంగతి. ఫిబ్రవరిలో ఒకరోజు పౌచ్ సీల్‌లో సన్నటి నాచు పోగు ఇరుక్కుంది, నేను చూసుకోలేదు. కయాక్ అడుగున ఎప్పుడూ ఉండే రెండంగుళాల నీళ్లలో పౌచ్ అరగంట నానింది. తీసి చూస్తే లోపల ఫోన్ తేలుతోంది. ఐపీ68 కదా అని ధైర్యంగానే ఉన్నా. సాయంత్రానికి స్పీకర్ మూగబోయింది, రెండో రోజుకి పెరిస్కోప్ లెన్స్ లోపల ఆవిరి. సర్వీస్ సెంటర్‌లో అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతకుముందు స్క్రీన్ మార్పించారా?" మార్పించా, అదీ బయట షాపులో. ఐపీ68 అనేది కొత్త ఫోన్‌ని ల్యాబ్‌లో కదలని మంచినీళ్లలో ముంచి ఇచ్చే రేటింగ్. ఎంత లోతు, ఎంత సేపు అనేది కంపెనీయే చెప్తుంది. ఫోన్ ఒకసారి విప్పాక లోపలి రబ్బరు, జిగురు సీల్ మునుపటిలా ఉంటుందని అనుకోవడం మన భ్రమ. నీటి నష్టం మామూలు వారంటీలో రాదు. రిపేర్ బిల్లు చూసి ఇంట్లో కొన్నాళ్లు కయాక్ అనే మాట ఎత్తలేదు.

ఏప్రిల్‌లో తీసిన ఫొటో

ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు తగ్గి రిజర్వాయర్లలో ఇసుక దిబ్బలు పైకి తేలతాయి. ఒక స్నేహితుడి దగ్గర గాలి నింపే కయాక్ ఉంది. ఇద్దరం వేరే రిజర్వాయర్‌కి వెళ్లాం. దాని పేరు రాయను, కారణం ఈ భాగం చదివితే మీకే తెలుస్తుంది.

చిన్న దిబ్బ ఒకటి కనిపిస్తే కాళ్లు చాపుకుందామని దిగాం. దిగీ దిగగానే రివర్ టెర్న్ ఒకటి నా నెత్తి మీదకొచ్చింది. పసుపు ముక్కు, నల్ల టోపీ, చీలిన తోక. మూడు మీటర్ల ఎత్తులో గాల్లో నిలబడి రెక్కలాడిస్తూ అరుస్తోంది. వెళ్లిపోవట్లేదు! నాలుగు నెలలుగా ఒక్క పక్షి కూడా ఇరవై మీటర్ల లోపలికి రానివ్వలేదు, ఇదేమో పోజులిస్తోంది. రిపేరైన ఫోన్ తీసి 5ఎక్స్ కూడా అక్కర్లేకుండా 2ఎక్స్‌లో కొట్టా. పది నిమిషాలు కొట్టా. రెండోది కూడా వచ్చింది. ఇంకో పది నిమిషాలు.

ఆ రాత్రి పోస్ట్ చేశా. "ఫోన్‌తోనా? నిజంగానా?" అని కామెంట్లు. ఫోన్ మోడల్ అడిగిన వాళ్లు కొల్లలు. మూడో రోజు, చాలా ఏళ్లుగా పక్షులు చూస్తున్న ఒకాయన విడిగా మెసేజ్ పెట్టారు. తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు: "కింద గుడ్లు చూశారా?"

చూడలేదు. ఎక్కడ చూడాలో కూడా తెలియదు. రివర్ టెర్న్ గూడు కట్టదు. ఇసుకలోనో గులకరాళ్ల మధ్యో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడుతుంది, మామూలుగా రెండు మూడు. ఇసుక రంగు మీద మచ్చలుంటాయి కాబట్టి కాలి పక్కనే ఉన్నా కనిపించవు. ఏప్రిల్ ఎండలో తల్లో తండ్రో మీద కూర్చుని నీడ ఇవ్వకపోతే ఆ గుడ్లు ఇసుకలోనే ఉడికిపోతాయి. కాకులు చూస్తే అంతకంటే ముందే పని అయిపోతుంది. నేను పోజు అనుకున్నది ఆ పక్షి నన్ను తరమడానికి చేసిన ప్రయత్నం. ఇరవై నిమిషాలు. సమయం పదకొండు. ఫొటోలో వెలుతురు అంత బాగుండటానికి కారణం కూడా ఆ ఎండే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడు చేయడమే కాదు, గుడ్లకీ గూళ్లకీ అలజడి కలిగించడం కూడా 'వేట' నిర్వచనం కిందికే వస్తుంది. చేతిలో తుపాకి ఉందా, ఫోన్ ఉందా అనేది లెక్క కాదు. ఈ విషయం నాకు అప్పుడే తెలిసింది.

పది రోజుల తర్వాత ఒక్కణ్నే వెళ్లా. ఈసారి దిబ్బ మీద దిగలేదు. చాలా దూరంలో ఆగి, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న బైనాక్యులర్‌తో చూశా. దిబ్బ ఉత్తరపు కొసన రెండు టెర్న్‌లు నేల మీద కూర్చుని ఉన్నాయి, గుడ్ల మీదే అయ్యుండాలి. మేం దిగిన దక్షిణపు కొస ఖాళీగా ఉంది. అక్కడ ముందు నుంచీ ఏమీ లేదా, నా వల్ల పోయాయా, కుక్కలో కాకులో తిన్నాయా తెలియదు. తెలుసుకోవాలంటే మళ్లీ దిగి వెతకాలి. తిరిగొచ్చేశా. ఫొటో ఆ సాయంత్రం డిలీట్ చేశా.

ఆ రాత్రి వేసిన లెక్క

నాకు ఒక అనుమానం పట్టుకుంది. నా అత్యాశ ఒకటే కారణమా, లేక చేతిలో ఉన్న గ్యాడ్జెట్ కూడా నన్ను ముందుకి తోసిందా? లెక్క వేసి చూశా.

బుడుబుంగ పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 5ఎక్స్ పెరిస్కోప్ అంటే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో దాదాపు 120ఎంఎం. 30 మీటర్ల దగ్గర ఆ ఫ్రేమ్ వెడల్పు తొమ్మిది మీటర్లు. 12 మెగాపిక్సెల్ ఫొటోలో అడ్డంగా 4 వేల పిక్సెల్స్ ఉంటే, పక్షికి దక్కేవి 110 చిల్లర. వాట్సాప్ డీపీకి కూడా చాలవు.

ఇప్పుడు కెనాన్ ఆర్10 మీద ఆర్‌ఎఫ్ 100-400ఎంఎం లెన్స్ పెట్టండి. చిన్న సెన్సర్ కాబట్టి 400 కాస్తా 640ఎంఎం లెక్కన పనిచేస్తుంది. అదే 30 మీటర్ల దగ్గర ఫ్రేమ్ వెడల్పు 1.7 మీటర్లు, అడ్డంగా 6 వేల పిక్సెల్స్. పక్షికి దాదాపు 890 పిక్సెల్స్ వస్తాయి.

అన్ని పిక్సెల్స్ నా ఫోన్‌తో రావాలంటే ఆ పక్షికి నాలుగు మీటర్ల లోపలికి వెళ్లాలి. అడవి బుడుబుంగకి నాలుగు మీటర్ల దూరం! అది మునుగుతుంది, లేదా నేను దాన్ని తరుముతున్నట్టు.

జూమ్ గురించి ఇంతవరకూ ఈ కోణంలో ఆలోచించలేదు. రివ్యూల్లో మనం జూమ్‌ని డీటెయిల్, షార్ప్‌నెస్, చంద్రుడి ఫొటో అని కొలుస్తాం. పక్షి వైపు నుంచి చూస్తే జూమ్ అంటే మనం ఎంత దూరంలో ఆగగలం అనే అంకె.

అందుకని ఫోన్లలో ఈ విషయంలో తేడాలు లేవని కాదు. గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో 10ఎక్స్ లెన్స్ 230ఎంఎం దాకా ఉండేది, సెన్సర్ మాత్రం చాలా చిన్నది. ఎస్24 అల్ట్రాలో దాన్ని తీసేసి 50 మెగాపిక్సెల్ 5ఎక్స్ పెట్టారు. వివో ఎక్స్200 ప్రో 85ఎంఎం దగ్గరే ఆగి 200 మెగాపిక్సెల్ సెన్సర్‌తో క్రాప్ మీద నమ్మకం పెట్టుకుంది. పొద్దున వెలుతురు బాగున్నప్పుడు, పక్షి కదలకుండా ఉన్నప్పుడు ఈ దారి పనికొస్తుంది. అయినా 640ఎంఎం లెన్స్‌తో పోలిస్తే ఆగాల్సిన దూరం సగం కూడా ఉండదని నా అంచనా.

2000ఎంఎం మోజు

కెమెరా కొనేముందు అందరికీ వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. నికాన్ కూల్‌పిక్స్ పి950 ఉంది కదా, 83ఎక్స్, 2000ఎంఎం, కిలో బరువు, లెన్స్ విడిగా కొనక్కర్లేదు. ఒక బంధువు దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నా.

గట్టు మీద ట్రైపాడ్ వేసి తీస్తే అద్భుతం. కయాక్‌లో కూర్చున్నాక అసలు కథ మొదలైంది. 2000ఎంఎం దగ్గర కనిపించేది ఒక్క డిగ్రీ వెడల్పు. నేను ఊపిరి పీల్చినా కయాక్ అంతకంటే ఎక్కువ ఊగుతుంది. వ్యూఫైండర్‌లో నీళ్లు, నీళ్లు, తోక, నీళ్లు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ చేతి వణుకుని ఆపుతుంది గానీ పడవ గాలికి పక్కకి జరిగిపోవడాన్ని ఆపలేదు. చివరికి 600-800ఎంఎం మధ్యే వాడా. అక్కడ చిన్న సెన్సర్ వల్ల పొద్దున వెలుతురులో ఈకలన్నీ నూనె రాసినట్టు అతుక్కుపోయాయి. గట్టు మీద, బాల్కనీ నుంచి తీసేవాళ్లకి ఇప్పటికీ అదే చెప్తా. పడవకి మాత్రం వద్దు.

ఆర్10 సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా, లెన్స్ కొత్తది. రెండూ కలిపి 1,064 గ్రాములు. ఈ బరువే అసలు విషయం. రెండు కిలోల పైన ఉండే 200-600 తరగతి లెన్స్‌లు ఇంకా బాగుంటాయి, కాదనను. కానీ కయాక్‌లో గంటసేపు మోకాళ్ల మీద మోచేతులు ఆనించి పట్టుకోవాల్సింది మనమే. ఎఫ్/8 లెన్స్ కాబట్టి సూర్యుడు రాకముందు ఐఎస్ఓ 6400 దాకా పోతుంది, నాయిస్ వస్తుంది, సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకుంటా. బాడీకీ లెన్స్‌కీ వాటర్ సీలింగ్ లేదు. అందుకే 10 లీటర్ల రోల్‌టాప్ డ్రై బ్యాగ్ రెండు కాళ్ల మధ్య ఉంటుంది, కెమెరా దాంట్లోంచి బయటికొచ్చేది పడవ ఆగాకే.

షట్టర్ 1/2000కి తగ్గించను, మొద్దు మీద కదలని పక్షికైతే 1/1000 చాలు. ఐఎస్ఓ ఆటో. తెల్ల కొంగకి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తా, నీటికాకికి కొద్దిగా పెంచుతా. జంతువుల కన్ను పట్టుకునే ఆటోఫోకస్ ఆన్‌లో ఉంటుంది. మెకానికల్ షట్టర్‌తో సెకనుకి 15 ఫ్రేమ్‌లు వస్తాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ 23 ఇస్తుంది గానీ రెక్కలాడించే పక్షికి ఈ కెమెరాలో రెక్కలు వంకర పోతాయి. కూర్చున్న పక్షికి మాత్రం అదే వాడతా, చప్పుడు ఉండదు కాబట్టి.

పడవ నడపడమే సగం ఫొటో

గ్యాడ్జెట్ సైట్‌లో ఇది రాయడం వింతగా ఉన్నా, నా ఫొటోలు బాగుపడింది కెమెరా వల్ల ఎంతో, తెప్ప మీద పెద్దాయన మాట వినడం వల్ల అంత.

పక్షి వైపు నేరుగా వెళ్లను. దాన్ని దాటి ఎటో పోతున్నట్టు పక్కవాటుగా వెళ్తా. తెడ్డు భుజం ఎత్తుకి లేవకుండా నీటికి దగ్గరగా పెట్టి వేస్తా. గాలి ఎటు నుంచి వీస్తోందో ముందే చూసుకుని, పక్షికి ఎగువన ఆగి తెడ్డు ఒళ్లో పెట్టేసుకుంటా. గాలే మెల్లగా జరుపుతుంది. నీటి పక్షులు మామూలుగా గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి, దానంతట అది ఎగిరినా ముఖం నా వైపే ఉంటుంది. పొద్దున సూర్యుడు కూడా నా వీపు వైపు ఉండేలా కుదిరితే ఇంకేం కావాలి. రోజూ కుదరదు. గాలి, సూర్యుడు చెరో పక్కన ఉన్న రోజు నేను సూర్యుడినే ఎంచుకుంటా.

మరీ జరిగిపోతుంటే ఆపడానికి లంగరు ఉంది: జిమ్ మానేశాక ఇంట్లో తలుపుకి అడ్డంగా పెట్టిన రెండు కిలోల డంబెల్, దానికి కట్టిన నైలాన్ తాడు. విసరకూడదు, మెల్లగా దించాలి.

అన్నిటికంటే ముఖ్యం, స్క్రీన్ కాదు తల చూడటం. మేత మేసే పక్షి మేయడం ఆపి తలెత్తిందంటే నేను దాని గీత తొక్కినట్టే. నిద్రపోయే పక్షి ఈకల్లోంచి ముక్కు బయటికి తీస్తే అంతే. నామాల కోళ్లు నెమ్మదిగా దూరం జరగడం మొదలుపెడితే అంతే. అక్కడ ఆగిపోతా. అవి మళ్లీ మేత మొదలుపెట్టకపోతే వెనక్కి వెళ్తా. బుడుబుంగ మునిగినప్పుడు మాత్రం దగ్గరికి తెడ్డేసి వెళ్లొద్దు. చాలామంది చేసే పని అది. అది పైకి తేలేసరికి పక్కనే మనిషి ఉంటే ఆ రోజుకి ఇక ఆ మూలకి రాదు.

మనిషి భద్రత గురించి రెండు మాటలు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, ఈత వచ్చినా సరే. కెమెరా స్ట్రాప్ మెడలో వేసుకోవద్దు, పడవ తిరగబడితే అది జాకెట్‌లో చిక్కుకుంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే తేలే స్ట్రాప్‌లు ఫోన్‌కీ యాక్షన్ కెమెరాకీ సరిపోతాయేమో గానీ కిలో కెమెరాని తేల్చవు. కొల్లేరు, పులికాట్, మంజీరా లాంటివి అభయారణ్యాలు, అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత కయాక్ దించొద్దు. ఎండాకాలంలో తేలిన దిబ్బలు ఎక్కడైనా సరే, దూరం నుంచే. డ్రోన్ గురించి అడగకండి. గుంపుకి అది గద్దలా కనిపిస్తుంది.

తొమ్మిది దాటాక ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా సర్దేయండి. నీటి మీద వేడి గాలి లేచి దూరంగా ఉన్న పక్షి ఫొటోలన్నీ నీళ్లలోంచి చూసినట్టు వస్తాయి. ఫోకస్ తప్పిందేమోనని నేను రెండు వారాలు లెన్స్‌ని అనుమానించా.

మరి ఏం కొనాలి?

మీ దగ్గర ఇప్పటికే మంచి ఫోన్ ఉంటే, పక్షుల కోసమని ఇంకా ఖరీదైన ఫోన్‌కి మారకండి. ఆ తేడా డబ్బుకి పాత మిర్రర్‌లెస్ బాడీ, 400ఎంఎం దాకా వెళ్లే తేలికపాటి లెన్స్ వెతకండి. అంత బడ్జెట్ లేకపోతే మొదట ఒక మామూలు 8x42 బైనాక్యులర్ కొనుక్కుని రెండు ఉదయాలు కయాక్‌లో ఊరికే తిరగండి. ఏ పక్షి ఎంత దూరంలో తలెత్తుతుందో తెలిశాక కెమెరా ఎంచుకోవడం తేలిక. ఫోన్ నేను ఇప్పటికీ తీసుకెళ్తా, పౌచ్ లేకుండా డ్రై బ్యాగ్‌లో. పొగమంచు, తెప్పలు, మొద్దుల మీద నీటికాకుల వరస, ఇలాంటి వెడల్పాటి ఫొటోలకీ వీడియోకీ దాన్ని మించింది లేదు.

ఈ జనవరిలో మళ్లీ కోట్‌పల్లి వెళ్లా. గూస్ గుంపు అదే ఒడ్డున ఉంది. నీళ్లలో నిలబడి ఉన్న ఎండు చెట్టు మొద్దుకి కయాక్ ఆనించి, డంబెల్ దించి కూర్చున్నా. ఒకటి తలెత్తి నా వైపు చూసింది. కొంచెంసేపటికి మళ్లీ ముక్కు ఈకల్లో దూర్చేసింది. నలభై నిమిషాలున్నా. నేను వచ్చేసేటప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి.

ఈ వ్యాసం పైన పెట్టిన ఫొటో ఆ రోజుదే: 400ఎంఎం, ఎఫ్/8, 1/1600, ఐఎస్ఓ 2500. దూరం దాదాపు 80 మీటర్లు, సగానికి క్రాప్ చేసింది. కుడి పక్కన మసగ్గా కనిపించేది ఆ పెద్దాయన తెప్ప.